ఎవరి తల్లివమ్మా?

తెల్లవారేసరికి పాల కేంద్రం ముందు సొర బుర్రలు బారులు తీరాయి.

"ఎవరి తల్లివమ్మా?" అని అడిగింది తబితా, పాలలో కొలత గొట్టం ముంచుతూ.

"బూబా తల్లిని."

"పాలు పొయ్యి. మెల్లిగా, మెల్లిగా. గడ్డిపరక పడింది చూడు. తర్వాత? నువ్వెవరి తల్లివి?"

"ఈసా తల్లిని. నిన్నా ఈసా తల్లినే, మొన్నా ఈసా తల్లినే. రోజూ అడుగుతావేంటే పిల్లా, తెల్లారేసరికి మారిపోతానా?" అంది దుదూ అత్త.

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. తబితా కూడా నవ్వింది. ఆ పిల్ల మా ఫులానీల పిల్ల కాదు, కొండల మీది మార్గీ తెగ పిల్ల. పాలలో చెంబుడు నీళ్ళు కలిస్తే చూపుతోనే పసిగట్టి, మొహం మీదే అడిగేస్తుంది. మా ఆడవాళ్ళకి ఆమె అంటే కాస్త భయం, చాలా ఇష్టం.

కేంద్రం పెట్టిన గిడాడో మాత్రం నవ్వలేదు. క్యాను మూత చేత్తో పట్టుకుని కిందికి చూస్తున్నాడు. కేంద్రానికి దిగువన తుమ్మచెట్ల పక్కనుంచి, రోజూ జరిగే సంతకు పోయే బాట ఉంది. ఆ బాట వెంట నీలం బట్ట కప్పుకున్న ఒకావిడ, నెత్తిన బుర్ర, బుర్ర మీద గడ్డి మూత, నిటారుగా నడిచిపోతోంది. ఒక్కసారైనా తల ఇటు తిప్పలేదు. ఆవిడ కుంబో, గిడాడో కన్నతల్లి.

సంత ఏమైనా పక్కనుందా? ఎండ నడినెత్తికెక్కేదాకా నడవాలి. ఆ ఎండకి సగం పాలు దారిలోనే పులుస్తాయి. కొడుకేమో ఇక్కడ ఎండతోనే నడిచే యంత్రం పెట్టి, ఊరందరి పాలూ చల్లగా ఉంచి యోలా పట్నానికి పంపుతున్నాడు. వాళ్ళమ్మ పాలు మాత్రం ఎండలో కాగుతూ పోతున్నాయి. చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది. అతనికెలా ఉండేదో వేరే చెప్పాలా?

మా ఫులానీల ఇళ్ళల్లో తొలిచూలు బిడ్డని తల్లి పేరుపెట్టి పిలవదు. నలుగురిలో ఎత్తుకోదు, ముద్దాడదు, పడి ఏడుస్తున్నా పరిగెత్తి వెళ్ళదు. సిగ్గు. పాలు మాన్పించగానే బిడ్డని అమ్మమ్మ ఒళ్ళో పెట్టి వచ్చేస్తుంది. తర్వాత పుట్టిన పిల్లల్ని నోరారా పిలుచుకోవచ్చు, తిట్టుకోవచ్చు, చంకనేసుకుని ఊరంతా తిరగొచ్చు. పెద్దవాడికి మాత్రం ఆ భాగ్యం లేదు. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడు మాత్రం ఎవరికీ తొలిచూలు అయి ఉండడు!

గిడాడో కూడా అలాగే బెనూయే నది అవతల అవ్వ దగ్గర పెరిగాడు. ఊళ్ళో అందరూ పిలిచేవాళ్ళు, గిడాడో ఇటు రా, గిడాడో ఆ దూడని కట్టు అని. అవతలి ఒడ్డున సంత జరిగే రోజు మాత్రం అవ్వ ఇంటి దడి వెనక నిలబడేవాడు, సంత నుంచి అమ్మ అటు వస్తుందని. ఆమె వచ్చేది. అవ్వతో మాట్లాడేది, నీళ్ళు తాగేది. అమ్ముడుపోని పాలు అప్పటికే విరిగిపోతే కుక్కలకి పోసి, ఖాళీ బుర్ర బోర్లించి కూర్చునేది. వాడి వైపు చూసేది కాదు. ఆ విరిగిన పాల వాసన వాడి ముక్కులో అలాగే ఉండిపోయింది. పశువుల చదువు చదివింది అందుకే. అక్కడే పరిచయమైన తబితాని వెంటేసుకుని, కాళ్ళరిగేలా తిరిగి, ఈ రేకుల షెడ్డు నిలబెట్టింది అందుకే. ఇప్పుడు చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళెవరూ పాలు కుక్కలకి పోయడం లేదు. దాడులకి భయపడి ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరంలో పసిపిల్లలకి కూడా ఇక్కణ్ణించే పాలు పోతాయి. అంతా బాగానే ఉంది, ఒక్క బుర్ర తప్ప.

ఇంతకీ ఆ ప్రశ్న పెట్టింది కూడా గిడాడోనే. మా ఆడవాళ్ళని ఉత్త పేరుతో పిలిస్తే మర్యాద కాదు, మొగుడి పేరు వాళ్ళు చెప్పరు. మరి ఏ పాలు ఎవరివో రాసుకునేదెలా? పెద్దబిడ్డ పేరుతో పిలుద్దాం, తల్లికి గౌరవంగా ఉంటుంది అన్నాడు. పెద్దబిడ్డ పేరు తల్లి నోట రాదని తెలియని వాడా! మా ఆడవాళ్ళు తెలివిగలవాళ్ళు, రెండో బిడ్డ పేరు చెప్పి పని కానిచ్చేశారు. బూబా రెండోవాడు, ఈసా రెండోవాడు. గిడాడో ఆ పేర్లే పుస్తకంలో రాసుకున్నాడు.

ఒకరోజు క్యాన్లు కడుగుతూ తబితా అడిగేసింది.

"నిజం చెప్పు. ఈ ప్రశ్న ఇంతమంది కోసం పెట్టావా, ఒక్కావిడ కోసం పెట్టావా?"

"నీకెందుకు?"

"నాకెందుకా? రోజుకి ఇన్నిసార్లు అడిగి నా గొంతు పోతోంది కాబట్టి. మా అమ్మయితే నన్ను కొండ ఇటునుంచి అటు వినపడేలా పిలుస్తుంది. పిలుపు కాదది, కేక. నాకే సిగ్గేస్తుంది."

"నీకు సిగ్గేస్తుందా?" అన్నాడు గిడాడో. "నాకు ఒక్కసారి వేస్తే చాలు తబితా. ఒక్కసారి ఆవిడ ఈ గుమ్మంలో నిలబడి నా పేరు చెబితే, ఆ తర్వాత జన్మంతా పిలవకపోయినా ఏమీ అనుకోను."

తబితా కడిగిన క్యానునే మళ్ళీ కడిగింది.

అతనేమీ అమ్మ ఇంటికి వెళ్ళనివాడు కాదు. పండక్కీ పబ్బానికీ వూరో జోడే అనే ఆమె గూడేనికి వెళ్ళేవాడు. మగవాళ్ళతో పాటు బయట చాప మీద కూర్చునేవాడు. జొన్నముద్దలు కలిపిన పాలు చెల్లెలు హప్సా తెచ్చిపెట్టేది. అమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చేది కాదు. ఆమెని ఏమని పిలవాలో అతనికీ తెలీదు, అవ్వనే అమ్మా అని పిలిచి పెరిగాడు మరి. హప్సా అల్లరిది. మాలో వాడుకే కాబట్టి చిన్నాన్న కొడుకునే చేసుకుని ఆ గూడెంలోనే ఉంటోంది. "నువ్వొచ్చిన రోజు మా ఇంట్లో పాలు తక్కువ అన్నయ్యా. ఏం అడుగు పెట్టావో ఏమో!" అని వేళాకోళమాడేది. అతను నవ్వేసేవాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున బాట మీద నీలం బట్ట కనిపించలేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

"మీ గూడెంలో అంతా క్షేమమా?" అని అడిగాడు దుదూ అత్తని. ఆమెదీ వూరో జోడేనే.

"క్షేమం."

"పశువులు?"

"క్షేమం."

"ఇళ్ళల్లో అందరూ?"

"క్షేమం" అని దుదూ అత్త బుర్ర ఖాళీ చేసుకుంది. మాకు పలకరింపంటే ఇదే. ఇల్లు తగలబడుతున్నా ముందు క్షేమం అనే అంటాం. మా అమ్మ ఎలా ఉంది అని అడగడానికి అతనికి నోరు పెగల్లేదు. అతను అడగందే చెప్పడానికి ఆమెకీ రాలేదు.

ఆ మధ్యాహ్నం హప్సా వచ్చింది. బురదలో నడిచి వచ్చింది, కాళ్ళకి మోకాళ్ళ దాకా మట్టి, మొహం నిండా కోపం.

"ఎర్రావు పొదుగు రాయిలా అయిపోయింది. ఎవరినీ పితకనివ్వడం లేదు. పశువుల చదువు చదివావుగా, వచ్చి చూడు."

"ఆవుని రోజూ పితికేవాళ్ళేమయ్యారు?"

"జ్వరం. రొమ్ములో నొప్పి. ఊపిరి అందడం లేదు." హప్సా కాలి మట్టి చేత్తో గీరుకుంది. వెంటనే మళ్ళీ కోపం తెచ్చుకుంది. "వానలో తడుస్తూ సంతకి నడిస్తే జ్వరం రాక ఏమొస్తుంది? అంతా నీ మూలానే!"

"నేనా? ఈ కేంద్రం పెట్టిందే ఆవిడ నడవకూడదని."

"పెట్టావు. గుమ్మంలో ప్రశ్న కూడా పెట్టావు. వచ్చి ఏం చెప్పమంటావు? నీ పేరు చెప్పడం ఆవిడ వల్ల కాదు. హప్సా తల్లినని చెబితే? నీ గుమ్మంలో, నీ కళ్ళ ముందు నిలబడి ఇంకొకరి తల్లినని చెప్పుకోవాలా? అందరూ చెబుతున్నారు, నువ్వూ చెప్పు అంటే ఆవిడేమందో తెలుసా? 'వాడి వాకిట్లో ఆ మాట నేననలేను, సంతకే పోతాను' అంది. పోయింది. ఇదిగో, ఇప్పుడు పడుకుంది."

గిడాడో మోటారుసైకిల్ తాళం కోసం జేబు తడుముకున్నాడు. అమ్మకి తన మీద పట్టింపు లేదని ఇన్నాళ్ళూ కుమిలాడు. ఒక్క మాట అనలేక, ఆ మాట అనకుండా ఉండటం కోసం ఆమె రోజూ ఎండల్లో వానల్లో నడిచిందని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

తబితా అప్పటికే మందుల సంచి తీసింది. "నువ్వు ఆవుని చూడటానికి పద. నేను నర్సుని బండెక్కించుకుని వెనకాలే వస్తా. కొడుకువి కాబట్టి నువ్వు లోపలికి పోకూడదేమో, నాకా పట్టింపులేం లేవు."

వాళ్ళు వూరో జోడే చేరేసరికి ఎండ వాలింది. నర్సు గుడిసెలోకి వెళ్ళి, సూది వేసి, చాలాసేపటికి బయటికి వచ్చింది. ఊపిరితిత్తులకి నిమ్ము పట్టింది, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని, వేడి పాలు పట్టండి అంది. ఆ చెప్పలేకపోయేదాన్ని అన్న మాట గిడాడో గుండెలో గుచ్చుకుంది. పిలవకుండానే వెళ్ళిపోతుందేమో! అతనికి ఆ క్షణాన వేరే ఏ ఆలోచనా లేదు.

వాకిట్లో ఎర్రావుని కట్టేశారు. కొమ్ములు పైకి తిరిగిన మంచి ఆవు. పొదుగు బిగుసుకుపోయి మెరుస్తోంది. హప్సా దగ్గరికి వెళ్తే కాలు విసిరింది. తమ్ముడి పెళ్ళాం వెళ్తే కొమ్ము విసిరింది. గిడాడో కాళ్ళకి బందం వేసి కూర్చుని పొదుగు నిమిరాడు. చుక్క రాలలేదు. పాలన్నీ పైకి ఎగబీల్చి పట్టుకుంది.

"దూడ ఏది?"

"చచ్చిపోయి చాన్నాళ్ళయింది. అప్పట్నుంచీ పేరుపెట్టి పిలిస్తేనే పాలు చేపుతుంది" అంది హప్సా.

"అయితే పిలవండి మరి. దీని పేరేంటి?"

తమ్ముడి పెళ్ళాం బట్ట మొహం మీదికి లాక్కుంది. దుదూ అత్త తన గుడిసె ముందు నిలబడి ఆకాశంలోకి చూస్తోంది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని ముసిముసిగా నవ్వారు.

"హప్సా, నిన్నే. ఆవుకి పేరు లేదా?"

"ఉంది."

"ఏంటి?"

"నీ ముందు చెప్పలేను అన్నయ్యా."

"ఆవు పేరు చెప్పడానికి కూడా సిగ్గేనా! పొదుగు గడ్డకడితే ఆవు పోతుందే!"

హప్సా అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మన అమ్మ నోట రాని పేరు ఒకటుంది కదా. అది ఈ ఆవు దగ్గర వస్తుంది. పొద్దునా వస్తుంది, సాయంత్రమూ వస్తుంది."

అతనికి అర్థం కాలేదు. అర్థమైంది. మళ్ళీ కానట్టయింది.

"నువ్వు అవ్వ దగ్గరికి వెళ్ళిపోయిన ఏడాది ఒక పెయ్యదూడ పుట్టిందట. దానికి పెట్టుకుంది. పెయ్యదూడకి మగాడి పేరేంటని గూడెమంతా నవ్విందట, నవ్వి, తర్వాత నోరు మూసుకుంది. అది ముసలిదై పోతే దాని కూతురికి పెట్టింది. ఇది ఆ కూతురి కూతురు. నువ్వు వచ్చిన రోజు అమ్మ నోరు కట్టేసుకుంటుంది. ఊరికే నాలుక చప్పరించి పితకబోతుంది, ఇది తంతుంది. నువ్వొచ్చిన రోజు పాలు తక్కువని అనేదాన్ని కదా. వేళాకోళం కాదు అన్నయ్యా."

గిడాడో ఆవు పక్కనే కూర్చుండిపోయాడు. ఎన్ని పొద్దులు, ఎన్ని సాయంత్రాలు! తను నది అవతల దడి వెనక నిలబడి ఎదురుచూసిన పూటలన్నిటా, ఇక్కడ ఈ వాకిట్లో తన పేరు వినిపిస్తూనే ఉంది. పశువులు విన్నాయి, పొరుగువాళ్ళు విన్నారు, తను ఒక్కడే వినలేదు. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఆ ఆవు మీద అసూయ కూడా వచ్చింది. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, నిజంగానే వచ్చింది.

ఆవు చెవి దగ్గరికి వంగి తన పేరు తనే మెల్లిగా అన్నాడు. ఆవు అతని వంక ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. ఆ గొంతు దానికి తెలీదు.

గుడిసె గుమ్మానికి గడ్డి తడిక వేలాడుతోంది. మూడ్రోజులుగా జ్వరం మగతలో పిలవలేకపోయిన మనిషి, సూది పడ్డాక తడిక వెనక మేలుకుంది. దగ్గు వినిపిస్తోంది. వాకిట్లో మాటలన్నీ వింటోందని అతనికి తెలుసు. తను ఇక్కడ ఉన్నంతసేపూ ఆమె పెదవి కొరుక్కుని ఊరుకుంటుంది గానీ పిలవదు. దడి అవతల దాక్కుంటే? కాసేపు ఊపిరి బిగపట్టి నిలబడితే చాలు, జన్మకంతా సరిపోయే పిలుపు వినొచ్చు. ఎవరు చూస్తారు? ఎవరు అడుగుతారు? మనసు ఎంత లాగిందో దేవుడికే తెలియాలి.

కానీ మోటారుసైకిల్ దూరంగా పోయిన చప్పుడు వినపడందే ఆమె నోరు విప్పదు.

అతను లేచాడు. బండి దగ్గరికి వెళ్ళి, తన్ని, తడిక వెనక వరకూ వినపడేలా దాన్ని గట్టిగా రొద పెట్టించాడు. "నేను వెళ్ళొస్తా హప్సా!" అని అరిచాడు. వాకిట్లోంచి, దడి దాటి, జొన్నచేలు దాటి, గూడెం మాటలు వినపడని చోటికి, వాగు ఒడ్డు దాకా పోయి అక్కడ బండి ఆపాడు.

వాగు ఎర్రగా పారుతోంది. కొంగలు గూళ్ళకి పోతున్నాయి. అతను గూడెం వైపు తిరిగి చెవులు రిక్కించాడు, ఏమీ వినిపించదని తెలిసి కూడా. ఇప్పుడు పిలుస్తూ ఉంటుంది. ఎలా పిలుస్తుంది? సాగదీసి పిలుస్తుందా? చివర కాస్త కసురుతుందా, హప్సాని కసిరినట్టు? పేరు తర్వాత ఇంకేమైనా అంటుందా, నాయనా అనో, నా తండ్రీ అనో? ఒక్కటీ తెలీదు. పోల్చుకుందామన్నా అతని దగ్గర ఆ గొంతు లేదు.

చీకటి పడుతుండగా హప్సా వచ్చింది. చేతిలో బుర్ర, బుర్ర నిండా నురగ.

"ఇచ్చిందా?"

"ఆగకుండా ఇచ్చింది. అమ్మకి కూడా పట్టాను. ఇది నీకు, తాగు."

పాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. సగం తాగి ఆగాడు.

"ఎలా పిలిచింది హప్సా?"

"ఎలా ఏంటి? పిలిచినట్టే పిలిచింది."

"అదే, ఎలా?"

హప్సా పిలిచి చూపించడానికి నోరు తెరిచింది. తెరిచి, మళ్ళీ మూసుకుంది. "నాకు రాదు అన్నయ్యా. అది ఆవిడకే వచ్చు" అంది.

మర్నాడు పాల కేంద్రంలో గిడాడో క్యాన్లు దించుతూ ఉంటే తబితా గొంతు వినిపించింది.

"ఏ ఆవు పాలమ్మా?"

"మా వూనే ఆవు పాలు" అంది బూబా తల్లి.

"నీవో?"

"ఓలే పాలు. మా పసుపుపచ్చ ఆవు. ఈ ప్రశ్న బాగుందే పిల్లా!" అంది దుదూ అత్త.

గిడాడో గబగబా వచ్చాడు. "ఎవరు మార్చమన్నారు?"

"నేనే మార్చా. పాలిచ్చేది ఆవు, కొడుకులు కాదు. ఆవునే అడుగుతా" అంది తబితా, కొలత గొట్టం వంకే చూస్తూ. "నిన్న దుదూ అత్త నాకు అన్నీ చెప్పింది. ఎదురు మాట్లాడకుండా క్యాను ఎత్తు."

అతను ఎత్తాడు. ఆశ పెట్టుకోకూడదని రోజూ తనకి తాను చెప్పుకున్నాడు. అమ్మ కోలుకుందని హప్సా కబురు చేసింది. తర్వాత నీలం బట్ట మళ్ళీ బాట మీద కనిపించింది, ముందుకన్నా మెల్లిగా, బాగా చిక్కిపోయి. కేంద్రం వైపు తిరగలేదు. సంతకే పోయింది. గిడాడో మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవాడు. వానలు వెనక్కి తగ్గాయి, గడ్డి కోతకొచ్చింది.

ఒక పొద్దున నీలం బట్ట తుమ్మచెట్ల దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత బాట వదిలి పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

వరసలో ఆడవాళ్ళంతా అటు తిరిగారు. దుదూ అత్త పక్కకి జరిగి దారిచ్చింది. గిడాడో చేతిలో మూత క్యాను మీద పెట్టేశాడు. తను ఉంటే ఆమె నోరు విప్పదు. వాగు ఒడ్డు గుర్తొచ్చి, జేబులోంచి బండి తాళం తీసి, ఆమె వచ్చే లోపలే అవతలి వైపు నుంచి వెళ్ళిపోదామని కదిలాడు.

కుంబో వచ్చి నెత్తిమీది బుర్ర దించింది. బట్ట నుదుటి మీదికి లాక్కుంది. తబితా వైపు మాత్రమే చూస్తూ, కాస్త విసుగ్గానే అంది.

"ఆ అబ్బాయిని ఎక్కడికీ పోవద్దను. బరువు క్యాన్లు, ఎవరు ఎత్తుతారు?"

గిడాడో ఆగిపోయాడు.

తబితా గొంతు సవరించుకుంది. "ఏ ఆవు పాలమ్మా?"

ఆడవాళ్ళంతా తలలు వంచుకుని ఎవరి బుర్రల్లోకి వాళ్ళు చూసుకున్నారు. కుంబో నేల వంక చూసింది. తర్వాత, దగ్గర్లో ఉన్న పిల్లకి చెప్పడానికి అంత గట్టిగా అక్కర్లేదు గానీ, వాకిట్లోంచి మేతకి పోయినదాన్ని పిలిచినంత గట్టిగా, చివర కొంచెం సాగదీసి అంది.

"గిడాడో."

తబితా పాలలో గొట్టం ముంచి, చిక్కగా ఉన్నాయి అంది. గిడాడో తాళం జేబులో వేసుకుని, వచ్చి క్యాను ఎత్తాడు.